గదిలో పుట్టగొడుగుల సాగు: గడ్డి దగ్గర తొందరపడితే మిగిలేది బూజే

ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందనగానే చాలామంది ముందు రాక్‌లు కొంటారు, తేమ చల్లే ఫాగర్లు బిగిస్తారు, పేరు పెట్టి బోర్డు కూడా రాయించుకుంటారు. పుట్టగొడుగులు పెరిగేది సంచుల్లో నింపిన గడ్డి మీదే, అయినా ఆ గడ్డి సంగతి చివర్లో చూసుకోవచ్చనుకుంటారు. నెల తిరగకుండానే "సంచులన్నీ పచ్చబడ్డాయండీ, విత్తనం మంచిది కాదేమో" అని ఫోన్. చాలావరకు విత్తనానికి ఏ దోషమూ ఉండదు. గడ్డి సరిగ్గా తయారు చేసి ఉండరు, అంతే.

మొదటిసారి పెట్టేవాళ్లు ఆయిస్టర్ (ముత్యపు చిప్ప) రకమే పెట్టాలి. ఇందులో రెండో మాట లేదు. బటన్ రకానికి కంపోస్టు తయారు కావడానికే వారాలు పడుతుంది, పైన కేసింగ్ మట్టి పరవాలి, గదిని 16-18 డిగ్రీల దగ్గర ఉంచాలి. వేడి గదికి పాల పుట్టగొడుగు నయమంటారు. నిజమే, కానీ దానికీ కేసింగ్ తప్పదు. ముందు గడ్డి పని చేతికి రానివ్వండి.

కావలసినవి

కడగడానికి వీలైన గచ్చు, కిటికీలకు సన్నటి దోమతెర ఉన్న గది. మూత ఉన్న డ్రమ్ము, పొయ్యి, పొడవాటి పుల్ల ఉన్న థర్మామీటరు, తేమ చూపించే మీటరు, చేతి స్ప్రేయరు, పాలిథిన్ సంచులు, స్పిరిట్, మాస్కులు. వరిగడ్డి గానీ గోధుమగడ్డి గానీ ఏదైనా సరే, కొత్తదై ఉండాలి, బంగారు రంగులో ఉండాలి. వానకు తడిసి నల్లబడింది ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

విత్తనం, అంటే స్పాన్. అది ధాన్యపు గింజల మీద పెంచిన పుట్టగొడుగు దారాలు, గింజల చుట్టూ తెల్లగా అల్లుకుని ఉండాలి. ప్యాకెట్ అడుగున పసుపు నీరు కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా వెనక్కి ఇచ్చేయండి.

గడ్డి తయారీ

ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి.

గడ్డిని 2-3 అంగుళాల ముక్కలుగా కోసి, కడిగి, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున వేడినీళ్ల డ్రమ్ములో పూర్తిగా మునిగేలా బరువు పెట్టి, 65-70 డిగ్రీల దగ్గర గంట నుంచి గంటన్నర ఉంచాలి. గడ్డి మధ్యలో గుచ్చిన థర్మామీటరు 65 చూపించాకే ఆ గంట లెక్క మొదలవుతుంది. పొగలు రాగానే టైం చూసుకునేవాళ్లకు పైగడ్డి ఉడుకుతుంది, లోపలి గడ్డిలో బూజు బీజాలు హాయిగా బతికి ఉంటాయి.

"అయితే 100 డిగ్రీల దగ్గర రెండు గంటలు మరిగిస్తే ఇంకా మంచిదేగా?" అంటారు. కాదు. మనకు కావలసింది పచ్చ బూజు లాంటి పోటీదారులు చావడం. వేడికి తట్టుకునే కొన్ని సూక్ష్మజీవులు గడ్డిలో మిగిలి ఉంటే అవి బూజుకు చోటివ్వవు. అన్నింటినీ చంపేస్తే అది కాపలా లేని చేను, గాలిలో ఏది ముందొచ్చి పడితే దానిదే రాజ్యం. పైగా అంత మరిగిన గడ్డి మెత్తబడి సంచిలో ముద్దకడుతుంది.

ఫార్మాలిన్, కార్బెండజిమ్ అనే రసాయనాలు కలిపిన నీళ్లలో నానబెట్టే పద్ధతి కూడా ఉంది. పని తేలికే. కానీ ఆ ఆవిరి పీల్చేది మనమే, తినబోయే వస్తువు పెరిగేది ఆ గడ్డి మీదే. నాకు మనసొప్పలేదు. సున్నపు నీళ్ల పద్ధతిని తప్పుపట్టను గానీ సున్నం పాళ్లు ప్రతిసారీ కుదరవు. వేడినీళ్లయితే థర్మామీటరు చెప్పేస్తుంది, వాదన ఉండదు.

ఇక నీళ్లు వార్చడం. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. గుప్పెడు గడ్డి తీసుకుని బలమంతా పెట్టి పిండండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి, అరచేయి తడవాలి. ధార కడితే ఇంకా వార్చాలి. చుక్క కూడా రాకపోతే ఎక్కువ ఆరిపోయినట్టు. ఆ చుక్కల దగ్గర తేమ దాదాపు 65 శాతం ఉంటుంది. నీళ్లు ఎక్కువైన సంచి అడుగున పసుపు నీరు చేరి కుళ్లువాసన వేస్తుంది, తెల్లటి అల్లిక సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

తొందరగా ఆరుతుందని ఆరుబయట పరవకండి. ఒకసారి నేనూ పనికి ఆలస్యమవుతోందని గాలి బాగా వీచే వరండాలో పరిచాను. ఆ విడతలో 40 సంచులు పెడితే 31 పారబోశాను. అప్పటినుంచి తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, స్పిరిట్‌తో తుడిచిన షీటు మీదే ఆరబెడుతున్నాను.

చల్లారిందో లేదో చేత్తో తాకి చెప్పకండి. పైన చల్లగానే ఉంటుంది, కుప్ప మధ్యలో 40 దాటి ఉంటుంది. విత్తనం చచ్చేది ఆ వేడికే. మధ్యలో గుచ్చి చూసి, 30 లోపు ఉంటేనే విత్తనం విప్పండి. అలాగని రేపటిదాకా వదిలేయకండి, అదే రోజు నింపేయాలి.

సంచులు నింపడం

చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని, కిలో ఎండుగడ్డికి 140 గ్రాముల దాకా విత్తనం కలపండి. పొరలుపొరలుగా వేసేవాళ్లున్నారు. నేను మొత్తం కలిపేస్తాను, అలాగే కలపాలి. పొరల మధ్య గడ్డి విత్తనం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, ఆ లోపు బూజు వచ్చేస్తుంది. గట్టిగా నొక్కి నింపి, మూతి కట్టి, శుభ్రమైన మేకుతో పది పన్నెండు రంధ్రాలు పెట్టండి.

24-28 డిగ్రీల చీకటి గదిలో 15-20 రోజులకు సంచి తెల్లబడుతుంది. సంచులను ఒకదాని మీద ఒకటి పేర్చకండి, లోపల గది కన్నా వేడి పుడుతుంది. పచ్చమచ్చ కనబడిన సంచిని ఆ గదిలో విప్పి చూడొద్దు. అలాగే ఎత్తి బయటికి పంపండి.

కోత దాకా

తెల్లబడ్డాక సంచికి గాట్లు పెట్టి, గదిలో తేమ 85 శాతం దగ్గర ఉంచండి. నీళ్లు గోడలకు, గచ్చుకు కొట్టాలి, మొగ్గల మీద కాదు. పేపరు చదువుకోగలిగేంత వెలుతురు చాలు. రోజుకు నాలుగైదుసార్లు గాలి మార్చండి. కాడలు సాగి గొడుగులు బొత్తాల్లా మిగిలితే గాలి చాలనట్టు, అంచులు ఎండి పగిలితే తేమ చాలనట్టు.

గొడుగు అంచు ఇంకా కిందికి వంగి ఉండగానే గుత్తిని మెలితిప్పి తీసేయాలి. పైకి తిరిగిందంటే బీజాలు రాలుతాయి, ఊపిరితిత్తులకు పడవు. గదిలోకి వెళ్లినప్పుడు మాస్కు తీయకండి. వారం పది రోజుల ఎడంతో మూడు కోతలు వస్తాయంటారు. నేను రెండో కోతతోనే సంచి తీసేస్తాను. మూడోది తెచ్చే కాస్త పంట కన్నా అది పిలిచే ఈగలు ఎక్కువ.

లాభం లెక్క

కిలో ఎండుగడ్డికి ముప్పావు కిలో తాజా పుట్టగొడుగులు వస్తే మంచి పనే చేసినట్టు. ఒకేరోజు 80 సంచులు పెడితే పంటంతా ఒకేసారి మీద పడుతుంది. వారానికి 10 సంచులు, ఒక్కో దాంట్లో కిలో ఎండుగడ్డి చొప్పున పెడుతూ పోతే, రెండు నెలలకల్లా వారానికి ఏడు కిలోల దాకా నిలకడగా వస్తుంది. ఆ ఏడు కిలోలు వారం వారం ఎవరు కొంటారో తేల్చుకున్నాకే పదకొండో సంచి. తాజా సరుకు ఫ్రిజ్‌లో పెట్టినా వారానికి మించి ఆగదు, కడిగితే అదీ ఆగదు. మిగిలింది ఎండబెట్టొచ్చు, పది కిలోలకు ఒక కిలో చేతికొస్తుంది.

తీసేసిన సంచుల గడ్డి కంపోస్టుకు బాగుంటుంది. కానీ ఆ కుప్ప గది కిటికీకి వీలైనంత దూరంగా ఉండాలి.