క్లాసులోకే వన్యప్రాణుల, వాతావరణ లైవ్ పాఠం: దరఖాస్తు ఇలా పెట్టండి

నడిసముద్రంలో ఉన్న పరిశోధన నౌక నుంచి ఒక శాస్త్రవేత్త నేరుగా మీ క్లాసు పిల్లలతో మాట్లాడటం, వాళ్లు అడిగినదానికి అక్కడికక్కడే జవాబు చెప్పడం ఇప్పుడు నెట్ ఉన్న ఏ బడికైనా సాధ్యమే, పైగా డబ్బు కట్టనక్కర్లేని కార్యక్రమాలూ ఉన్నాయి. అయినా ఫారం చూడగానే వెనక్కి తగ్గే టీచర్లు చాలామంది. టెన్షన్ పడాల్సినంత పని కాదండీ ఇది. అందులో ఒక్క గడి మీద మాత్రం బాగా మనసు పెట్టాలి, దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

ముందు ఎక్కడ దరఖాస్తు పెట్టాలో తేల్చుకోండి. ఒక శాస్త్రవేత్తతో మీ క్లాసే మాట్లాడాలనుకుంటే స్కైప్ ఎ సైంటిస్ట్ బాగుంటుంది, స్క్విడ్‌లనే సముద్ర జీవులపై పరిశోధన చేసిన సారా మెకానల్టీ 2017లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది, మీకు కావలసిన అంశం, వీలయ్యే వేళలు రాస్తే దానికి తగిన శాస్త్రవేత్తను చూసి కలుపుతారు. సముద్ర గర్భం గురించి అయితే నాటిలస్ నౌక ఉంది. 1985లో టైటానిక్ శిథిలాలను కనిపెట్టినవాళ్లలో ఒకరైన రాబర్ట్ బల్లార్డ్ స్థాపించిన ఓషన్ ఎక్స్‌ప్లొరేషన్ ట్రస్ట్ నౌక అది. యాత్ర సాగుతున్న రోజుల్లోనే అక్కడి నుంచి మాట్లాడగలరు కాబట్టి ముందు యాత్రల క్యాలెండర్ చూడండి, ఆ తర్వాతే ఫారం. కెనడాకు చెందిన ఎక్స్‌ప్లోరింగ్ బై ద సీట్ ఆఫ్ యువర్ ప్యాంట్స్ పద్ధతి వేరు: ముందే ప్రకటించిన కార్యక్రమాల్లోంచి మనం ఎంచుకోవాలి, కెమెరాలో కనబడుతూ మాట్లాడే చోటు కొన్ని క్లాసులకే ఉంటుంది, మిగతావాళ్లు యూట్యూబ్‌లో లైవ్ చూడొచ్చు.

ఫారంలో టీచరు పేరు, బడి ఈమెయిల్, తరగతి, పిల్లల సంఖ్య లాంటివి ఎలాగూ నింపేస్తారు. సొంత జీమెయిల్ కన్నా బడి ఈమెయిల్ ఇవ్వడం మేలు, అవతలివాళ్లకు నమ్మకం కుదురుతుంది.

టైము దగ్గర మాత్రం జాగ్రత్త. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. యూరప్‌లో అది మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారం. అంటే ఫిబ్రవరిలో లెక్క చూసుకుని మార్చి చివర్లో స్లాట్ తీసుకుంటే మీ లెక్క గంట తప్పొచ్చు. మీ టైముతో పాటు యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) టైము కూడా రాసి, ఒకటి కాదు, నాలుగైదు వేళలు ఇవ్వండి.

ఇక అసలు గడి: 'మీ విద్యార్థులు ఏం నేర్చుకుంటున్నారు, ఏం అడగాలనుకుంటున్నారు?' చాలా ఫారాల్లో ఇలాంటిది ఏదో ఒక రూపంలో ఉంటుంది, చాలామంది ఇక్కడ 'పర్యావరణంపై అవగాహన కోసం' అని రాసి వదిలేస్తారు. అలా రాస్తే వచ్చే ఆయనకు ఏం చెప్పాలో తెలియదు, ఎప్పుడూ చూపించే స్లైడ్లే చూపించి వెళ్లిపోతారు. దాని బదులు పిల్లల్ని ముందే ఒక విషయం మీద ఆలోచించనివ్వండి. ఉదాహరణకు సముద్ర తాబేళ్లు. గుడ్లు పెట్టిన ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదా మగదా అన్నది తేలుతుంది, దాదాపు 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండూ సమానంగా పుడతాయి, వేడి పెరిగేకొద్దీ ఆడవే ఎక్కువవుతాయి. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర తీరాల్లో పుట్టిన చిన్న వయసు పచ్చ తాబేళ్లలో దాదాపు 99 శాతం ఆడవేనని 2018లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఈ సంగతి విన్న పిల్లలు ఊరుకోరు. మగవి లేకపోతే ఏమవుతుంది, గూళ్లకు నీడ కడితే సరిపోతుందా, బయటికి ఒకేలా ఉండే తాబేలు పిల్ల ఆడదో మగదో మీరెలా చెప్పగలరు అంటారు. ఆ ప్రశ్నల్ని వాళ్ల మాటల్లోనే, నున్నగా దిద్దకుండా, గడిలో పెట్టేయండి. వాతావరణం పాఠమైతే హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద 1958 నుంచి కొలుస్తున్న కార్బన్ డయాక్సైడ్ గ్రాఫ్ ఇవ్వండి. అప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 315, ఇప్పుడు 420 దాటింది, కానీ ఆ గీత ఏటా పైకీ కిందకీ ఎందుకు ఊగుతోంది అని తప్పకుండా అడుగుతారు.

ఈ కార్యక్రమాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. పిల్లలకు కష్టమైతే ఆ మాట ఫారంలోనే రాసేయండి: నెమ్మదిగా మాట్లాడాలి, మధ్యలో నేను తెలుగులో చెప్పడానికి కాస్త ఆగాలి అని. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

స్లాట్ ఖరారైతే తల్లిదండ్రుల అనుమతి కాగితాలు తీసుకోండి, రికార్డు చేస్తారో లేదో ముందే కనుక్కోండి, వద్దనుకున్న పిల్లల్ని కెమెరాకు కనబడని చోట కూర్చోబెట్టండి. స్క్రీన్ మీద పిల్లల పేర్లు వద్దు, క్లాసు పేరు చాలు. లింకును అదే గదిలో, అదే నెట్‌తో, పాఠం జరిగే వేళకే ఒకసారి పరీక్షించి చూడండి. క్లాసుకు ఒకే ల్యాప్‌టాప్, ఒకే మైకు ఉండాలి, రెండు ఆన్ చేస్తే గోల గోలగా వినిపిస్తుంది. అడిగే పిల్లలు ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి అడగాలి.

జవాబు రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూసి, వారం పది రోజులకు మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. పరీక్షలు గానీ సెలవు గానీ వచ్చి మానుకోవాల్సి వస్తే తెలిసిన రోజునే చెప్పేయండి, ఆ స్లాట్ కోసం ఇంకో క్లాసు ఎదురుచూస్తూ ఉంటుంది.