లివర్ రిపోర్టులో ముందు ప్లేట్‌లెట్లు చూడండి

మాస్టర్ చెకప్ కాగితాలు చేతికి రాగానే అందరి కళ్లూ లివర్ దెబ్బని చూపే ఎంజైమ్ ఎస్‌జీపీటీ మీదే పడతాయి. అది నార్మల్ అయితే ఫైలు బీరువాలోకి పోతుంది. కానీ సిరోసిస్ (మచ్చలు పడి లివర్ గట్టిపడిపోవడం) ముదిరిన లివర్‌కి కూడా ఎస్‌జీపీటీ మామూలుగా రావచ్చు. లివర్ గట్టిపడితే రక్తం దారి దొరక్క వెనక్కి తన్నుతుంది, ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుకుంటుంది. అందుకని ఏ జ్వరమూ లేకుండా ప్లేట్‌లెట్లు లక్షన్నర కిందికి దిగుతుంటే ముందు లివర్‌ని అనుమానించండి.

ఇంట్లోనే వేసుకోగల లెక్క ఒకటుంది, పేరు ఫిబ్-4. వయసుని, అదే రిపోర్టులో ఉండే మరో లివర్ ఎంజైమ్ ఎస్‌జీఓటీతో గుణించాలి. ఎస్‌జీపీటీకి వర్గమూలం తీసి, దాన్ని వేలల్లో ఉన్న ప్లేట్‌లెట్లతో గుణించి, మొదటి అంకెను దీనితో భాగించాలి. 52 ఏళ్లు, ఎస్‌జీఓటీ 64, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు అనుకోండి. పైన 3328, కింద 7 × 130 అంటే 910. జవాబు దాదాపు 3.66. 1.3 లోపైతే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకండి. 35 ఏళ్ల లోపు వాళ్లకి ఈ లెక్క సరిగా పనిచేయదు. 65 దాటితే 1.3 బదులు 2 చూస్తారు.

తర్వాత ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. టిఫిన్ చేసి వెళ్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. పొట్టలో నీరు చేరినవాళ్లకి మామూలుగా ఇది కుదరదు, డబ్బు వృథా.

లివర్ ఎందుకు చెడిందో తేలకుండా మందులు మొదలుపెట్టడం దండగ. మద్యం, షుగరు, ఊబకాయం సరే, హెపటైటిస్ బి, సి వైరస్‌లను పట్టే హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌సీవీ పరీక్షలు తప్పనిసరి. హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల మాత్రలతో పోతుంది, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మాత్రలు ఉచితం. బి అలా పోదు. టెనోఫోవిర్ లాంటి మాత్ర ఏళ్లతరబడి వాడాలి, బాగుందని సొంతంగా ఆపేస్తే ఒక్కసారిగా తిరగబెడుతుంది. వయసులో ఉన్నవాళ్లకైతే విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకోవడం), ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే లివర్‌ని దెబ్బతీయడం) కూడా చూడాలి.

పసరు మందు మాట. ఇక్కడ చెన్నైలో కామెర్లు అనగానే కీళానెల్లి, అంటే మన నేల ఉసిరి, చేతిలో పెడతారు. దాని మీద ఆశ పుట్టించిన 1988 నాటి అధ్యయనం మద్రాసులో జరిగిందే. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. తిప్పతీగ కషాయమైతే కొందరి లివర్‌ని నేరుగా దెబ్బతీసింది.

పొట్టలో నీరు చేరితే అసలు వైద్యం వంటింట్లోనే ఉంది. రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచా, 5 గ్రాములు, మించకూడదు. పొద్దున్నే చెంచాడు ఉప్పు చిన్న డబ్బాలో పోసి, రోగి వంటకి అందులోంచే వాడండి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, హోటల్ సాంబారు పూర్తిగా బంద్. 'లో సోడియం' ఉప్పు కొనకండి: అందులో పొటాషియం ఉంటుంది, స్పైరోనోలాక్టోన్ అనే నీటి మాత్ర (ఒంట్లో నీరు తీసే మాత్ర) వాడేవాళ్లకి అది గుండె మీదికి వస్తుంది. రోజూ ఉదయం ఒంటికి వెళ్లొచ్చి, తినకముందు, అదే మిషన్ మీద బరువు చూసి రాయండి. కాళ్ల వాపు లేనివాళ్లు రోజుకి అరకిలో కంటే ఎక్కువ తగ్గుతుంటే నీటి మాత్ర ఎక్కువైనట్టు, కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరుకి ఫోన్ చేయండి.

పప్పు, గుడ్డు మాన్పించడం పెద్ద పొరపాటు. కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, లేకపోతే కండ కరిగిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు రెండు ఇడ్లీలో, గ్లాసు పాలో తప్పక ఇవ్వండి. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అసలు వద్దు. పారాసిటమాల్ రోజుకి 2 గ్రాముల లోపు, అదీ డాక్టరుని అడిగి.

పగలు నిద్ర, రాత్రి మెలకువ, సంతకం వంకర పోవడం: మెదడుకి విషం ఎక్కుతోందని తొలి గుర్తులివి. చాలాసార్లు కారణం మలబద్ధకమే. లాక్టులోజ్ అనే విరేచనాల సిరప్‌ని, విరేచనాలు రోజుకి రెండు మూడు మెత్తగా అయ్యేలా సర్దుకోవాలి. నీళ్లలా పది సార్లు పోతే అదే ప్రమాదం. రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, నీరున్న పొట్టలో నొప్పితో జ్వరం వస్తే క్లినిక్కుల చుట్టూ తిరగకుండా ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికే పోండి. నెల్లూరు వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లకి సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది.

సిరోసిస్ ఉన్నవాళ్లకి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, క్యాన్సర్ కోసం. లివర్ ఎంత చెడిందో రక్తపరీక్షలతో లెక్కగట్టే మెల్డ్ స్కోరు 15కి చేరితే లివర్ మార్పిడి సంగతి మీరే అడగండి. తమిళనాడు ముఖ్యమంత్రి బీమాకి ఇక్కడి రేషన్ కార్డు కావాలి. దాతగా ముందుకొచ్చిన ఇంటివాళ్లకే ఫ్యాటీ లివర్ ఉండి, బరువు తగ్గి రమ్మని వెనక్కి పంపడం మామూలే. కాబట్టి ఇద్దరు ముగ్గురి రక్తం గ్రూపులు, బరువులు ముందే రాసి ఫైల్లో పెట్టుకోండి.