గణిత అధ్యాపక సంఘాన్ని బోధనకు ఉపయోగించుకునే విధానం

అమెరికాలో కళాశాల గణితం బోధించే ఉద్యోగంలో కొత్తగా చేరినవారు మేథమేటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాలో సభ్యత్వం తీసుకున్నా, చాలామంది పత్రిక తెప్పించుకోవడంతోనే ఆగిపోతారు. ఆ సంఘం పుట్టిందే కళాశాల బోధన కోసం. 1894లో బెంజమిన్ ఫింకెల్ ప్రారంభించిన అమెరికన్ మేథమేటికల్ మంత్లీ నిర్వహణను, పరిశోధనకే ప్రాధాన్యమిచ్చే అమెరికన్ మేథమేటికల్ సొసైటీ చేపట్టకపోవడంతో, ఆ పత్రిక వెనుక నిలిచినవారు 1915 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో సమావేశమై ఈ సంఘాన్ని స్థాపించారు.

సంఘం దగ్గరికి వెళ్లే ముందు మీ కోర్సులోని ఒక్క ఇబ్బందిని కచ్చితంగా రాసి పెట్టుకోండి. విద్యార్థులకు కాలిక్యులస్ రావడం లేదని రాస్తే దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. ట్యాంకులో నీటిమట్టాన్ని అడుగులలో, కాలాన్ని గంటలలో కొలుస్తున్నప్పుడు మూడో గంట దగ్గర అవకలజం (డెరివేటివ్) మైనస్ 2 అయితే దాని అర్థమేమిటని అడిగితే, ఆ క్షణంలో మట్టం గంటకు 2 అడుగుల చొప్పున తగ్గుతోందని చెప్పవలసిన విద్యార్థి మట్టం 2 అడుగులు ఉందని రాస్తున్నాడనుకోండి. సూత్రాలతో అవకలజం కనుక్కోగలిగినా దాన్ని మార్పు రేటుగా చదవలేకపోతున్నాడని అప్పుడు తెలుస్తుంది. పదిమందితో చర్చించదగిన సమస్య అది.

తరువాత, సంఘం 2018లో ప్రచురించిన బోధనా పద్ధతుల మార్గదర్శిని తెరవండి. అందులో తరగతి నిర్వహణ, మూల్యాంకనం, కోర్సు రూపకల్పన అనే మూడు ప్రధాన భాగాలున్నాయి. మొదటి పేజీ నుంచి చదవనవసరం లేదు. ఇలాంటి ఇబ్బందికి మూల్యాంకన భాగంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మనం పరీక్షలో ఏది అడుగుతామో విద్యార్థి దానినే నేర్చుకుంటాడు.

ఇంతకన్నా విలువైనవి ప్రాంతీయ శాఖలు. దేశమంతటా 29 శాఖలున్నాయి. జాతీయ మహాసభ కన్నా ముందు మీ శాఖ సమావేశానికి వెళ్లండి, ఎందుకంటే మీ కళాశాల వంటి కళాశాలల్లోనే, మీ విద్యార్థుల వంటివారికే పాఠం చెప్పేవారు అక్కడ ఎదురవుతారు. పేర్లు తీసేసిన నాలుగైదు జవాబు పత్రాలు వెంట తీసుకువెళ్లి, ఇలాంటి పొరపాటును మీరు ఎలా సరిదిద్దుతున్నారని విరామ సమయంలో నేరుగా అడగండి. ఉపన్యాసాల్లో రాని వివరాలు ఆ సంభాషణలోనే బయటపడతాయి.

ఇటీవలే డాక్టరేట్ పూర్తిచేసినవారు 1994లో మొదలైన ప్రాజెక్ట్ నెక్స్ట్‌కు తప్పక దరఖాస్తు చేయాలి. బోధన, పరిశోధన, వృత్తి బాధ్యతలు మూడింటిలోనూ తోడ్పడే కార్యక్రమమది; మీ కళాశాల గణిత విభాగాధిపతి మద్దతు కూడా అవసరం గనుక ఆయనతో ముందే మాట్లాడండి. రెండేళ్ల కళాశాలల్లో పనిచేసేవారికి ఆ కళాశాలల గణిత అధ్యాపకుల కోసమే 1974లో ఏర్పడిన ఆమాటిక్ (AMATYC) అనే సంఘం మరింత దగ్గరగా ఉంటుంది.

విద్యార్థులను కళాశాల విద్యార్థుల గణిత పోటీ అయిన పుట్నం (Putnam) పోటీకి పంపడమూ మంచిదే. అయితే అందులోని 12 ప్రశ్నలు ఎంతో కఠినమైనవి, సున్నా రావడం అక్కడ సాధారణం. ఆ మార్కులతో మీ బోధనను కొలవకండి.

మార్పు చేశాక, మరుసటి సెమిస్టరులో నీటిమట్టం వంటి ప్రశ్ననే అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి. ఫలితం ఎలా ఉన్నా, విఫలమైన భాగాన్ని కూడా దాచకుండా, శాఖ తదుపరి సమావేశంలో ప్రసంగించడానికి సారాంశం పంపండి.