ఊపిరితిత్తికి ఎస్‌బీఆర్‌టీ మొదలయ్యే ముందు చూసుకోవాల్సినవి

ఎస్‌బీఆర్‌టీ అంటే స్టీరియోటాక్టిక్ బాడీ రేడియోథెరపీ. నెలన్నర పాటు రోజూ తిరిగే రేడియేషన్ లాంటిది కాదు ఇది. ఎక్కువ మోతాదును సాధారణంగా మూడు నుంచి ఐదు సిట్టింగుల్లో క్యాన్సర్ గడ్డ మీదికే పంపిస్తారు. అందుకే ఈ జాగ్రత్తలు ప్లానింగ్ స్కాన్‌కు (రేడియేషన్ ఎలా ఇవ్వాలో లెక్కేయడానికి తీసే సీటీకి) ముందే తీసుకోవాలి.

• ఊపిరితిత్తుల్లో ఫైబ్రోసిస్ (కణజాలం మచ్చకట్టి గట్టిపడటం) ఉందని ఏ డాక్టరైనా అన్నారా? అన్నిటికంటే ముందు ఇది చెప్పండి. అలాంటివాళ్లకు రేడియేషన్ తర్వాత వచ్చే వాపు ప్రాణం మీదికి రావచ్చు. బీరువాలోని పాత సీటీ ఫిల్ములు, సీడీలు అన్నీ తీసుకెళ్లండి.

• ఛాతీకి, రొమ్ముకు ఇదివరకు రేడియేషన్ ఇచ్చారా? ఎక్కడ, ఎంత మోతాదో తెలిపే కాగితం పాత ఆసుపత్రి నుంచి తెప్పించండి. వెన్నుపాము, అన్నవాహిక పాత మోతాదును పూర్తిగా మర్చిపోవు.

• పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూపించండి. రేడియేషన్‌కు అది దెబ్బతినవచ్చు.

• గడ్డ పెద్ద శ్వాసనాళానికి 2 సెంటీమీటర్ల లోపు ఉందా అని అడగండి. ఉంటే సిట్టింగులు పెంచి, ఒక్కోసారి ఇచ్చే మోతాదు తగ్గిస్తారు. వేరేవాళ్లకు మూడే ఇచ్చారని టెన్షన్ పడకండి.

• చేతులు తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. భుజం నొప్పి, ఆయాసం ఉంటే స్కాన్‌కు ముందే చెప్పండి. ఊపిరితో పాటు గడ్డ ఎంత కదులుతుందో 4డీ సీటీలో చూసి, గడ్డ చుట్టూ ఎంత మేర కలిపి రేడియేషన్ ఇవ్వాలో లెక్కేస్తారు. ఆ రోజు మామూలుగా ఊపిరి తీసుకోకుండా బిగబట్టి పడుకుంటే లెక్క తప్పుతుంది.

• అయిపోయిన కొన్ని నెలలకు పొడిదగ్గు, ఆయాసం, కొద్దిగా జ్వరం వస్తే మందుల షాపులో యాంటీబయాటిక్ కొనకండి. న్యుమోనైటిస్ (రేడియేషన్ వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే వాపు) కావచ్చు, దానికి స్టెరాయిడ్లు అవసరం పడొచ్చు. ఫోన్ చేయాల్సిన నంబరు ఇప్పుడే రాసి పెట్టుకోండి.