చెవిలో హోరు ఉన్నవాళ్లు గుబిలి తీయించుకునే ముందు

చక్రస్నానానికి పుష్కరిణిలో మునిగి తిరుపతికి దిగాక కొందరికి చెవి దిబ్బడ వేస్తుంది. నీటికి గుబిలి ఉబ్బుతుంది. హోరు ముందే ఉంటే ఇవి చూసుకోండి.

- వినికిడి ఉన్నట్టుండి తగ్గితే గుబిలే అనుకుని ఆగొద్దు. లోపలి నరం సమస్య కావచ్చు, ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు. ఆ రోజే తిరుపతి రుయా ఆసుపత్రిలోనో మరోచోటో ఈఎన్‌టీకి చూపించండి.

- హోరు సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. మెషీన్‌తో పీల్చేటప్పుడు చెవిలో పెద్ద శబ్దం వస్తుంది, హోరు పెరగొచ్చు. చేత్తో తీయడం కుదురుతుందా అని అడగండి. మెషీనే తప్పదంటే మధ్యమధ్య ఆపమనండి. మొహమాటం వద్దు, చెవి మీది.

- కర్ణభేరికి చిల్లు ఉంటే గుబిలి తీయడానికి చెవిలోకి నీళ్లు కొట్టించుకోవద్దు, ఇన్ఫెక్షన్ రావచ్చు.

- నీళ్లు ఒంటి వేడిలో ఉండాలి. చల్లటివైతే కళ్లు తిరుగుతాయి.

- పిన్నీసు, ఇయర్‌బడ్ అసలొద్దు.