పాత కారు కొంటున్నారా? తళతళలు వదిలేసి మూలలు చూడండి

అమ్మకానికి పెట్టిన పాత కారు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. కడిగి, పాలిష్ పట్టి, టైర్లకు నలుపు రాసి, లోపల సెంటు కొట్టి పెడతారు. అందులో తప్పేమీ లేదు. ఏ వస్తువునైనా అమ్మేవాళ్లు చేసే పనే అది. చిక్కల్లా ఏమిటంటే, పెద్ద యాక్సిడెంట్ అయిన కారును, నీళ్లలో మునిగిన కారును కూడా అచ్చం ఇలాగే తయారు చేయొచ్చు. పైన పటారం, లోన లొటారం. అందుకే కారు ఎంత బాగుందో చూడాలని వెళ్లకండి. ఎక్కడ దేనికి దేనితో పొంతన కుదరడం లేదో చూడాలని వెళ్లండి. పదేళ్ల కారుకు ఒక హెడ్‌లైట్ పసుపు తిరిగి, రెండోది కొత్తదానిలా మెరుస్తుంటే, ఆ రెండో లైటు ఎందుకు మారిందో అడగాలి.

వెళ్లే ముందే చెప్పాల్సినవి

పగటి వెలుతురులో, కారు పొడిగా ఉన్నప్పుడే చూస్తామని ముందే చెప్పండి. తడిసిన కారు మీద గానీ, సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ల కింద గానీ సొట్టలు, రంగు తేడాలు సరిగా కనపడవు. ఇంకో మాట కూడా చెప్పాలి: మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చే పొగ, టకటక చప్పుడు వేడెక్కాక చాలాసార్లు మాయమైపోతాయి. బానెట్ వేడిగా ఉన్నంత మాత్రాన అవతలివాళ్లు మోసగాళ్లని కాదు, బండి కడిగించి తెచ్చి ఉండొచ్చు. అయినా సరే, ఇంకో పొద్దున వస్తామని చెప్పడానికి మొహమాటపడకండి.

ఒక టార్చ్, మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, కింద పరుచుకోవడానికి ఏదైనా పాత పట్టా తీసుకెళ్లండి. వీటన్నిటికంటే ముఖ్యం, తోడు ఒక మనిషి. అమ్మేవాళ్లతో ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు నోరు మెదపకుండా కారు చూసుకోవచ్చు. ఒక్కరే వెళితే మాటల్లో పడి సగం చూడకుండానే తిరిగొస్తారు.

సందులు, రంగు

కారు ముందు మూలలో మోకాళ్ల మీద కూర్చుని, పక్క భాగం మొత్తాన్ని కంటి ఎత్తులో వెనకదాకా చూడండి. దగ్గర్లో ఉన్న స్తంభమో గోడ అంచో ఆ లోహం మీద ప్రతిఫలిస్తుంది. ఆ గీత ఎక్కడైనా వంకర తిరిగిందంటే అక్కడ డెంటింగ్ జరిగి ఉండొచ్చు. తర్వాత సందులు చూడండి. బానెట్‌కీ ఫెండర్‌కీ (ముందు చక్రం మీది పక్క భాగం) మధ్య, తలుపుకీ తలుపుకీ మధ్య, డిక్కీ చుట్టూ. ఎడమవైపు ఎంత సందు ఉందో కుడివైపూ దాదాపు అంతే ఉండాలి. ఒకపక్క వేలు దూరేంత, ఇంకోపక్క గోరు కూడా దూరనంత ఉంటే ఏదో ఒక భాగం విప్పి బిగించారని అర్థం.

రంగు మళ్లీ వేశారా అన్నది బయట కంటే అంచుల్లో బాగా తెలుస్తుంది. తలుపు తెరిచి రబ్బరు బీడింగ్ మీద, చక్రం పైన ఉండే ప్లాస్టిక్ మీద, అద్దాల చుట్టూ రంగు తుంపరలు ఉన్నాయేమో చూడండి. తలుపు లోపలి అంచు వెంట గోరుతో రాయండి. టేపు అంటించి రంగు కొట్టినచోట చిన్న మెట్టులా తగులుతుంది. బంపర్ రంగు మాత్రం కాస్త తేడాగా ఉంటే వెంటనే అనుమానపడొద్దు. ప్లాస్టిక్ మీద, లోహం మీద ఒకే రంగు కొద్దిగా వేరుగా కనిపించడం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్లలోనూ ఉంటుంది.

పుట్టీ మందంగా పెట్టినచోట అయస్కాంతం పట్టదు, లేదా జారిపోతుంది. అయితే కొన్ని కార్లకు బానెట్ అల్యూమినియంతోనో, ఫెండర్లు ప్లాస్టిక్‌తోనో చేస్తారు. వాటికి అయస్కాంతం అసలే పట్టదు. అందుకే ఒకచోట పెట్టి తీర్పు చెప్పకుండా, అదే భాగాన్ని రెండోవైపు కూడా పరీక్షించి పోల్చండి. రంగు మందం కొలిచే మీటర్ దొరికితే పని ఇంకా తేలిక. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 300 దాటితే రెండోసారి రంగు పడిందని అనుకోవచ్చు. 1000 దగ్గర చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. రంగు మళ్లీ పడినంత మాత్రాన కారు వద్దనుకోనక్కర్లేదు. ట్రాఫిక్‌లో తిరిగే కారుకు ఒక తలుపో, ఒక బంపరో టచప్ చేయించడం మామూలే. ఏ భాగానికి పడిందన్నదే అసలు ప్రశ్న. తలుపులు, బానెట్ బోల్టులతో బిగించేవి, చాలా కార్లలో ముందు ఫెండర్లు కూడా అంతే. దెబ్బ తగిలితే విప్పి మార్చేయొచ్చు. పైకప్పు, దాన్ని మోసే పిల్లర్లు, వెనక చక్రాల మీది పక్క భాగాలు బాడీతో కలిపి వెల్డింగ్ చేసినవి. వాటిని మార్చాలంటే కోసి అతకాలి. పైకప్పుకో పిల్లర్‌కో రంగు మళ్లీ పడి ఉంటే, కారణం తేలేదాకా ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు.

అస్థిపంజరం ఎలా ఉంది?

ఎక్కువ సేపు కేటాయించాల్సింది ఇక్కడే. బానెట్ ఎత్తి ముందు రేడియేటర్‌ను పట్టి ఉంచే అడ్డపట్టీ చూడండి. ఎదురు దెబ్బ తగిలిన కారులో చాలాసార్లు ముందు వంగేది అదే. అది మాత్రమే కొత్తగా ఉందా? దాని మీద ఉండాల్సిన స్టిక్కర్లు లేవా? బానెట్ కీళ్ల బోల్టుల మీద రంగు చెదిరి, స్పానర్ గుర్తులు ఉన్నాయా? ఇంజన్‌కు అటూ ఇటూ ముందుకు సాగే ఛాసిస్ కాళ్ల మీద ముడతలు, సుత్తి దెబ్బలు, మంట తగిలిన గుర్తులు కనిపిస్తున్నాయా?

ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డింగ్ చేసినచోట చిన్న గుండ్రటి గుంటలు ఇంచుమించు సమదూరంలో, ఒకే సైజులో ఉంటాయి. గ్యారేజీలో చేతితో చేసిన వెల్డింగ్ గడ్డలు కట్టి ఉంటుంది, లేదా గ్రైండర్‌తో రుద్దేసి ఉంటుంది. వీటిని చూడటానికి మంచి చోటు తలుపు చట్రం. యజమానిని అడిగి, రబ్బరు బీడింగ్‌ను కొద్దిగా లాగితే ఆ గుంటల వరుస కనిపిస్తుంది. చూశాక మళ్లీ నొక్కేస్తే సరిపోతుంది. నాలుగు తలుపుల దగ్గరా పోల్చండి.

డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీయించండి. వెనక నుంచి గుద్దుకున్న కార్లకు బంపర్ మార్చి రంగు కొడతారు గానీ స్టెప్నీ గుంట దాకా శ్రద్ధ పెట్టరు. అక్కడ రేకు ముడత పడి ఉన్నా, సీలెంట్ చేత్తో పూసినట్టు అడ్డదిడ్డంగా ఉన్నా అనుమానించాల్సిందే. కారు కింద కూడా అంతే. అడుగు భాగమంతా దుమ్ము పట్టి, ఒక్కచోట మాత్రం నల్లటి పూత కొత్తగా ఉంటే దాని కింద ఏముందో అడగండి. ఒక హెచ్చరిక: జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు. లిఫ్ట్ ఉన్న వర్క్‌షాప్‌లోనే కింద నుంచి చూడండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, కారు ముందు భాగాన్ని గుద్దుకున్నప్పుడు ఒక క్రమంలో నలిగేలా తయారు చేస్తారు. ఆ నలుగుడులోనే దెబ్బలో కొంత భాగం ఖర్చయిపోయి, మనుషుల దాకా తక్కువ వస్తుంది. ఒకసారి నలిగిన ఉక్కును లాగి నిటారుగా చేస్తే చూపుకు బాగానే ఉంటుంది. కానీ రెండోసారి అది అదే విధంగా నలుగుతుందన్న భరోసా లేదు. గట్టి రకం ఉక్కును మంట పెట్టి సాగదీస్తే దాని బలమే తగ్గిపోతుంది. ఏసీ పనిచేయకపోతే ఖర్చు, అంతే. ఇది ప్రాణాల సంగతి.

ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డ్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానం. ఎయిర్‌బ్యాగ్ పేలిపోయిన కారుకు కొత్తది వేయించకుండా, ఆ లైటునే పీకేసే ఘనులున్నారు. ఇంకొందరు దాని వైరును వేరే లైటుకు కలిపి, రెండూ ఒకేసారి ఆరేలా చేస్తారు. అందుకే ఏ లైటు ఎప్పుడు ఆరుతోందో ఒకటికి రెండుసార్లు చూడండి. స్టీరింగ్ మధ్య భాగం, డ్యాష్‌బోర్డ్ పైభాగం రంగులో, గరుకుతనంలో మిగతావాటితో కలుస్తున్నాయో లేదో కూడా.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. గట్టి దెబ్బకు బెల్టును బిగించే పరికరం పేలితే అది బిగుసుకుపోయి సరిగా తిరగదు. బెల్టు మీద సాధారణంగా తయారీ తేదీ చీటీ ఉంటుంది. కారు కంటే బెల్టు కొత్తదైతే ఎందుకు మార్చారో తెలుసుకోవాలి.

నీళ్లలో మునిగిందా?

బెల్టు లాగమన్నది ఇంకో కారణానికి కూడా. మునిగిన కారులో సీట్లు ఉతుకుతారు, కార్పెట్ మారుస్తారు. చుట్టుకుని ఉన్న బెల్టు చివరి అడుగు మాత్రం చాలామందికి గుర్తురాదు. అక్కడ బురద చారలో, అడ్డంగా నీటి మరకో ఉండిపోతుంది.

మునిగిన కారు నాకైతే గుద్దుకున్న కారు కంటే భయం. గుద్దుకున్న దెబ్బ ఎక్కడో ఒకచోట ఉంటుంది. నీళ్లు మాత్రం ప్రతి వైరు కొసకూ వెళ్లి, తుప్పు రూపంలో నెలల తరబడి పని చేస్తూనే ఉంటాయి. ఈ రోజు అన్నీ పనిచేస్తాయి. తర్వాతెప్పుడో కిటికీ ఆగుతుంది, ఆ తర్వాత బ్రేకుల లోపం చూపే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, ఇంకోరోజు బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఒక్కో కారణం చెబుతాడు.

తలుపులన్నీ మూసి కాసేపు లోపల కూర్చోండి. బూజు వాసన వచ్చినా అనుమానమే, విపరీతంగా సెంటు వాసన వచ్చినా అనుమానమే. సీటును ముందుకూ వెనక్కీ జరిపి కింద పట్టాల మీద, బోల్టుల మీద టార్చ్ వేయండి. కారు వయసుకు మించిన తుప్పు ఉందా? కార్పెట్ అంచు ఎత్తి కింద ఉన్న మెత్తను నొక్కండి, తడి అక్కడే ఎక్కువ కాలం నిలుస్తుంది. డ్యాష్‌బోర్డ్ కింద వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చ పొడి, హెడ్‌లైట్ల లోపల నీటి గీత, స్టెప్నీ గుంటలో ఒండ్రు మట్టి కూడా వెతకండి. ఒక్క గుర్తు కనిపిస్తే దానికి వేరే కారణం ఉండొచ్చు. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా నేను వద్దనే చెబుతాను.

ఎలక్ట్రిక్ కారైతే ఈ మాట ఇంకా గట్టిగా. ఉప్పునీటిలో మునిగిన లిథియం బ్యాటరీ అప్పటికప్పుడు కాకుండా కొన్ని రోజులకో వారాలకో మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయన్ తుపాను ముంచెత్తాక అలా కార్లు కాలిపోయాయి.

ఇంజన్, రోడ్డు

ఇంజన్ గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మంచి మెకానిక్ చెవి మీకంటే నాకంటే మేలు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. చలిలో పలచటి తెల్ల ఆవిరి మామూలే, వేడెక్కాక కూడా దట్టంగా తెల్ల పొగ వస్తుంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ దాని లోపలికి వెళ్లి కాలుతుండొచ్చు. ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిగురు ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో చూపించుకోవాలి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెట్టించేటప్పుడు లోపాల కోడ్‌లు ఏమున్నాయని మాత్రమే అడిగి ఊరుకోకండి. కోడ్‌లను ఒక్క బటన్‌తో చెరిపేయొచ్చు. అలా చెరిపితే కారు చేసుకునే స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్‌లో కనిపిస్తుంది. బ్యాటరీ కొత్తగా మార్చినా అలాగే చూపిస్తుంది కాబట్టి అది కూడా అడగండి.

నడిపేటప్పుడు పాటలు, ఏసీ ఆపేయండి. ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద నెమ్మదిగా వెళుతూ స్టీరింగ్‌ను కాస్త వదులుగా పట్టుకుంటే, బండి ఒకవైపు లాగుతోందేమో తెలుస్తుంది. గాలి తక్కువైనా, అలైన్‌మెంట్ పోయినా లాగుతుంది, ఛాసిస్ వంగినా లాగుతుంది. నిటారుగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ మాత్రం వంకరగా ఉండటం, ఒక టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉండటం తోడైతే వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు తీయించండి. సర్దినా కొలతలు కుదరకపోతే దెబ్బ లోతుగానే ఉండొచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలించినప్పుడు టకటకమంటే యాక్సిల్ జాయింట్లు అరిగాయి. అది మార్చుకోగలిగేదే, బేరంలో తగ్గించమని అడిగితే చాలు.

నంబర్లు

ఛాసిస్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ మూడూ ఇందులో వాడరు, 1తో, 0తో తికమక పడకుండా. కాగితాల మీది నంబరు, బాడీ మీద కొట్టిన నంబరు, అద్దం దగ్గర పట్టీ ఉంటే దాని మీది నంబరు అన్నీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆ చుట్టూ గ్రైండర్ పెట్టిన గుర్తులుంటే అక్కడితో ఆపేసి వచ్చేయండి.

అన్ని కిటికీ అద్దాల మూలల్లోనూ తయారీ గుర్తులుంటాయి. ఒక్క అద్దం వేరే కంపెనీదో, వేరే సంవత్సరానిదో అయితే ఆ పక్క తలుపును, పిల్లర్‌ను ఇంకోసారి చూడండి. టైరు మీద తయారీ తేదీని చెప్పే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఓడోమీటర్‌లో తక్కువ కిలోమీటర్లు చూపిస్తూ, పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి ఉంటే, సర్వీస్ బిల్లుల మీది కిలోమీటర్లను తేదీల వారీగా సరిచూసుకోండి. ఇన్సూరెన్స్ క్లెయిముల వివరాలు కూడా అడగండి. క్లెయిమ్ లేనంత మాత్రాన దెబ్బ తగల్లేదని కాదు, సొంత డబ్బుతో బాగు చేయించినవి అందులో ఉండవు.

ఇవన్నీ అయ్యాక కూడా, అమ్మేవాళ్లు చెప్పిన మెకానిక్ దగ్గర కాకుండా మీకు తెలిసిన మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీద చూపించండి. దానికయ్యే ఖర్చు మీరే పెట్టుకోండి. అందుకు ఒప్పుకోని కారును కొనొద్దు. "ఇంకొకరు సాయంత్రం అడ్వాన్స్ ఇస్తామన్నారండీ" అని తొందర పెడితే, "సరే, వాళ్లకే ఇచ్చేయండి" అనండి. అడ్వాన్స్ ఇవ్వక తప్పదనుకుంటే, చెకప్‌లో యాక్సిడెంట్ గానీ మునక గానీ బయటపడితే డబ్బు మొత్తం తిరిగిస్తామని రసీదు మీద రాయించుకుని, సంతకం పెట్టించుకున్నాకే ఇవ్వండి.