వేరే కంపెనీ రంగుతో గోడకు జత కుదరాలంటే

పెద్దపండగ ముందు విజయనగరంలో ఇళ్లకు రంగులు వేయించేవారికి ఒక మాట. పాత రంగు ఏషియన్ పెయింట్స్‌ది, ఇప్పుడు కొనేది బెర్జర్‌ది అయితే షేడ్ కార్డులో పేరు చూసి తీసుకోకండి. పేర్లు, కోడ్‌లు ఏ కంపెనీవి ఆ కంపెనీకే. ఐవరీ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు.

స్విచ్ బోర్డు పక్కనో, తలుపు వెనకో రూపాయి బిళ్లంత పెచ్చును పైపూత చెదరకుండా బ్లేడుతో లేపి దుకాణానికి పట్టుకెళ్లండి. ముందుగా తడిగుడ్డతో మెల్లగా తుడవండి, మురికి రంగును మార్చేస్తుంది. ఫోనులో ఫొటో అసలు నమ్మవద్దు. రంగును కొలిచే పరికరం ఉన్న దుకాణమైతే మరీ మంచిది.

మొదట చిన్న డబ్బా మాత్రమే కలిపించండి. తెల్ల చార్టు మీద రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాక గోడకు ఆనించి చూడండి. పగటి వెలుతురులో కలిసిపోయిన రంగు రాత్రి ట్యూబులైటు కింద వేరుగా కనిపించవచ్చు, ఎందుకంటే రెండు కంపెనీలు వాడే వర్ణకాలు వేరు. మెరుపు కూడా ఒకటే ఉండాలి: మెరుపు లేని మ్యాట్ పక్కన కాస్త మెరిసే శాటిన్ వేస్తే అదే రంగు అతుకులా కనిపిస్తుంది.

ఎంత జత కుదిరినా గోడ మధ్యలో మాత్రం ఆపకండి, మూల నుంచి మూలకు వేయించండి.